గడియ లేని గది

పోయిన వారం మనం రత్నను రాబర్ట్‌సన్‌పేట బజారులో, బచ్చప్ప ట్రావెల్స్ దుకాణం వెనక గోడవార వదిలిపెట్టి వచ్చాం. ఆమె చేతిలో మూడు రంగురంగుల కాగితాలు, చెవిలో మొగుడి గొంతు. కొత్త జంటలకని రిసార్టులవాళ్ళు ఇచ్చే ప్యాకేజీల్లో ఏది కావాలో తేల్చుకోమని బచ్చప్ప ఆ కాగితాలిచ్చి కాఫీకి చెప్పాడు. ఒక ఫోను చేసుకొస్తానని శ్రీరామ్ వెనక్కి వెళ్ళాడు. కాఫీ చల్లారిపోతోందని పిలవడానికి వెళ్ళిన రత్నకు వినపడింది ఒక్క మాటే. రిసార్టువాళ్ళను అడుగుతున్నాడు: "రాత్రి తలుపు గడియ వేసుకోకుండా పడుకోవచ్చునా సార్?"

ఆ ఒక్క మాటనూ రత్న వారమంతా మోసింది. బియ్యంలో రాయిలాగా ఎటు నమిలినా పంటి కిందికే వచ్చింది.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు ఊరు దాటి వెళ్ళేదే ఒక తలుపు మూసుకోవడానికి కదా. చాంపియన్ రీఫ్ లైన్లలో అత్తవారి ఇల్లు మూడు అడుగుల్లో అయిపోతుంది. ముందు గది, లోపలి గది, వెనక వంటిల్లు. బంగారు గని మూతపడి ఏళ్ళయినా, గనివాళ్ళ కోసం వరసగా కట్టిన ఆ పొడుగాటి లైన్లలో జనం మాత్రం ఉండిపోయారు. మామ చిన్నన్న భూమి లోపల పనిచేసి బయటపడ్డ మనిషి. అత్త గురువమ్మ పెళ్ళి రోజే లోపలి గది కొత్త దంపతులకిచ్చేసి, చాప తీసుకుని ముందు గదిలోకి మారిపోయింది. శ్రీరామ్ తెల్లవారకముందే రైలెక్కి మాలూరు ఫ్యాక్టరీకి వెళ్తాడు, దీపాల వేళకు తిరిగి వస్తాడు. వస్తూ వస్తూ ఏదో ఒకటి తెస్తాడు. ఒక మూర మల్లెలు, వేడి ఆరని మిరపకాయ బజ్జీలు, ఒకరోజు రైల్లో అమ్మే చవక గాజుల జత. ఆ చిన్న పొట్లం విప్పే నిమిషం కోసం రత్న పగలంతా ఎదురుచూసేది.

అంతా బాగుంది, ఆ తలుపు తప్ప.

లోపలి గది తలుపుకు గడియ లేదు. ఒకప్పుడు ఉండేదన్నట్టు మరలు బిగించిన చిల్లులు మాత్రం ఉన్నాయి, వాటి మీద పచ్చరంగు పూసేశారు. కాపురానికి వచ్చిన కొత్తలో రత్న తన ఇనుప పెట్టెను తలుపుకు అడ్డంగా జరిపి పడుకుంది. తెల్లారేసరికి పెట్టె మళ్ళీ గోడ దగ్గర, తలుపు బెత్తెడు తెరుచుకుని. అత్త పనే అనుకుని లోలోపల కుమిలింది. ఆ మర్నాడు నిద్ర నటించి చూసింది. పెట్టె జరిపింది శ్రీరామే. మెల్లగా, దొంగలాగా. జరిపి, తలుపు సందుకు ముఖం పెట్టి ఒక పెద్ద ఊపిరి పీల్చుకుని, అప్పుడు వచ్చి పడుకున్నాడు.

ఇప్పుడీ ఫోను. ఇంట్లోనే కాదు, రిసార్టులో కూడా తలుపు తెరిచే ఉండాలంటాడు. నాతో ఒంటరిగా ఉండటం ఈయనకు ఇష్టం లేదేమో. ఆ అనుమానం రత్న మనసులో కూర్చుంది. అడిగితే ఔనంటాడేమోనని అడగలేదు.

ఆదివారం పొద్దున కాగితాలు మూడూ చాప మీద పరిచింది. బచ్చప్ప చెప్పిన తగ్గింపు ధర ఆ సాయంత్రంతో అయిపోతుంది, ఇక తేల్చాలి.

పుట్టినూరు లక్కూరులో రత్న వాళ్ళది పట్టుపురుగులు పెంచే ఇల్లు. గూళ్ళు ఏరేటప్పుడు వాళ్ళమ్మ పిల్లమ్మ ఒక్కో గూడునూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. లోపల గలగలమంటే బుట్టలోకి. సద్దు లేకపోతే పైకి ఎంత తెల్లగా మెరిసినా పక్కకు. రత్న ప్యాకేజీలను కూడా అలాగే ఊపి చూసింది. పెద్ద అక్షరాలను వదిలేసి, అడుగున చీమల్లాగా ఉన్న అక్షరాలను చదివింది.

మడికేరిది కాఫీ తోట మధ్యలో కాటేజీ. తోటలో కొవ్వొత్తుల వెలుగులో ఇద్దరికే భోజనం. అడుగున చీమలు: వాన పడితే భోజనం గదికే పంపబడును. పుదుచ్చేరిది సముద్రం ఒడ్డున ఏడో అంతస్తు. మంచం మీద తువాళ్ళతో చేసిన రెండు హంసలు ముక్కూ ముక్కూ ఆనించుకుని ఉన్నాయి. ఆ హంసల మీద రత్నకు మనసైంది. కానీ అడుగున చీమలు: సముద్రం కొన్ని గదులకు పాక్షికంగా కనిపించును. వయనాడుది చెట్టు మీద గది. నిచ్చెనెక్కి పోవాలి, రాత్రి నిచ్చెన తీసేస్తారు, ఇక ఈ లోకంలో మీరిద్దరే.

చిన్నన్న అద్దాలు తుడుచుకుని ఆ చెట్టు బొమ్మను చాలాసేపు చూశాడు.

"మా నాయన భూమి కింద పనిచేసె, నేనూ భూమి కిందనే. వీడు పొయ్యి చెట్టు మీద పండుకుంటాడంట. వంశం పైకొచ్చింది పో."

ఇంటిల్లిపాదీ నవ్వారు. గురువమ్మ అడిగిందల్లా అక్కడ రాగి ముద్ద దొరుకుతుందా అని. దొరకదని తెలిసి, అయితే మూడు దినాలు ఏం తిని బతుకుతారని జాలిపడింది. కాగితం తిరిగి ఇచ్చేముందు మడికేరి గది బొమ్మ దగ్గర ఆమె వేలు ఆగింది. పూలు చల్లిన మంచాన్ని కాదు, ఆ మూలన మూసి ఉన్న తలుపునే చూస్తున్నట్టు రత్నకు అనిపించింది. ఏమత్తా అంటే ఏం లేదంది.

శ్రీరామ్ మాత్రం సాయంత్రం దాకా ఒక్కోదానికీ ఒక్కో వంక పెట్టాడు. మడికేరిలో జలగలు. పుదుచ్చేరిలో ఏడో అంతస్తు, లిఫ్టు చెడిపోతే? చెట్టు మీద కోతులు. రత్న కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. బచ్చప్ప దగ్గరికే పోయి అక్కడే తేలుద్దాం పదండి అంది. గొంతులో మార్పు శ్రీరామ్‌కు తెలియలేదు, గురువమ్మకు తెలిసింది. చెంగు సర్దుతున్న నెపంతో కోడలి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసింది.

బండి లైన్లు దాటి సైనైడ్ దిబ్బల దారి పట్టింది. బంగారం తీసేశాక మిగిలిన పొడి, తరాల నుంచి పోసింది, కొండల్లాగా నిలబడి సాయంకాలపు ఎండకు నిజంగానే బంగారుకొండల్లా వెలుగుతోంది. పెళ్ళైన కొత్తలో శ్రీరామ్ ఇక్కడే బండి ఆపి, చూడు, మా ఊరి హిమాలయాలు అన్నాడు. ఆరోజు రత్న నవ్వు ఆపుకోలేకపోయింది.

"బండి ఆపండి," అంది ఇప్పుడు.

మోరీ గట్టు దగ్గర ఆపాడు. ఆమె దిగి, అతని ముందుకొచ్చి నిలబడింది.

"నాతో వచ్చేది మీకు ఇష్టం లేకుంటే నేరుగా చెప్పేయండి. జలగల మీదా కోతుల మీదా ఎందుకు వేస్తారు?"

"ఇష్టం లేదని ఎవురు చెప్పినారు?"

"మీరే చెప్పినారు. ఫోన్లో. గడియ వేసుకోకుండా పండుకోవచ్చునా అని అడిగితిరి కదా. కొత్తగా పెండ్లయినోళ్ళు అడిగే మాటనా అది?"

శ్రీరామ్ బండికి స్టాండు వేశాడు. కోపం వస్తుందనుకుంది రత్న, రాలేదు. తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలాగా నేల చూశాడు. చివరికి మోరీ గట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"మా లైన్లలో పాత ఇండ్లకి గడియ పెట్టరు రత్నా. నీకు ముందే చెప్పాల్సింది. సిగ్గయింది."

ఆ తర్వాత అతను చెప్పింది ముక్కలు ముక్కలుగా వచ్చింది. లోపల రాయిని తవ్వేకొద్దీ పైన బరువు పెరిగి, ఒక్కోసారి రాయి తుపాకీ పేలినట్టు పేలేది. రాక్‌బరస్టు అనేవాళ్ళు. పైన ఇళ్ళలో గిన్నెలు దొర్లేవి, గోడలు చీలేవి, ద్వారబంధాలు వంగి తలుపులు బిగుసుకుపోయేవి. గడియ వేసిన తలుపైతే మరీ ఘోరం. అందుకని తలుపు దగ్గరికి వేసి, ఒక రాయి ఆనించి పడుకోవడం ఆ లైన్లలో చాలామందికి అలవాటు. వాళ్ళింట్లో ఆ రాయి కూడా పెట్టరు. ఎందుకంటే వాళ్ళింట్లో అది నిజంగానే జరిగింది.

శ్రీరామ్ అప్పటికి ఇంకా బడికి పోని పిల్లవాడు. ఒక మధ్యాహ్నం నేల అదిరింది. వెంటనే సంగు మోగింది. గనిలో ప్రమాదమైతే మోగే ఆ కూత వింటే లైన్లలోని ఆడవాళ్ళందరూ చేతిలో పని చేతిలోనే వదిలి గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. ఆ షిఫ్టులో గురువమ్మ తమ్ముడు అంజినప్ప లోపల ఉన్నాడు. ఆమె పిల్లవాణ్ణి చంకన వేసుకుని లోపలి గది తలుపు లాగింది. రాలేదు. బిగుసుకుపోయింది. ఇంకో దారి లేదు, కిటికీకి కమ్మీలు. పొద్దు వాలేదాకా ఆ గదిలోనే. పక్కింటివాళ్ళు షాఫ్టు దగ్గర నుంచి తిరిగొచ్చి తలుపు తెరిచేసరికి అంజినప్ప శవాన్ని తీసుకుపోవడం కూడా అయిపోయింది. తమ్ముడి ముఖం గురువమ్మ చూడనేలేదు.

"అమ్మ తలుపు గుద్దిన సద్దు ఉండాదే, అది ఇంగా నా చెవిలోనే ఉండాది," అన్నాడు శ్రీరామ్. "లిఫ్టు ఎక్కలేను. సినిమాకి పోతే తలుపు పక్క సీటే. ఒకసారి ఇంటర్వ్యూలో మేనేజరు లేచి తలుపేసినాడు, నేను సగంలో లేచి వచ్చేసినా. ఇంటికొచ్చి ఉద్యోగం రాలేదంటిని. గనోళ్ళ వంశంలో పుట్టినోడు మూసిన గదికి భయపడతాడంటే ఎవురైనా నగుతారు కదా."

రత్న నవ్వలేదు. ఇప్పుడు అతని పక్కన కూర్చుంది.

ఆమెకు లక్కూరులో పురుగుల గది గుర్తొచ్చింది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. చీమ దూరకూడదు, ఎలుక రాకూడదు, పరాయివాళ్ళ చూపు పడకూడదు. పురుగు గూడు అల్లే వేళల్లో అయితే అమ్మ తలుపు మూసి, గడపకు అడ్డంగా తనే కూర్చునేది. రత్నకు మూసిన తలుపంటే లోపల ఏదో ముద్దుగా పెరుగుతోందని అర్థం. ఆ అర్థంతోనే ఇనుప పెట్టెను అడ్డంగా జరిపింది. అదే తలుపు అతనికి ఇంకో మాట చెబుతోంది. ఒకే గదిలో పక్కపక్కన పడుకుని ఇద్దరూ ఒకే తలుపును చూస్తూ రెండు లోకాల్లో ఉన్నారన్నమాట ఇన్నాళ్ళూ.

ఇష్టం లేక కాదు. ఆ మాట లోపల ఒకసారి అనుకునేసరికి వారం నాటి రాయి పంటి కింద నుంచి జారిపోయింది. ఎంత తేలికైందంటే, ఆమెకు చటుక్కున ఆకలేసింది.

"అయితే కాగితాలు మళ్ళీ చూద్దాం," అంది. "చీమల అక్షరాల్లో తలుపు సంగతి రాయలేదు వీళ్ళు. అదే చూసి ఎంచుకుందాం."

ఇద్దరూ మోరీ గట్టు మీదే మళ్ళీ బేరం మొదలుపెట్టారు. ఈసారి హంసలూ కొవ్వొత్తులూ కాదు, తలుపులే. పుదుచ్చేరివాళ్ళు తమది కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపని ఫోన్లో గర్వంగా చెప్పారు. శ్రీరామ్ తల అడ్డంగా ఊపాడు. నిచ్చెన తీసేసే చెట్టును అడగను కూడా అడగలేదు. మడికేరికి రత్నే ఫోను చేసింది. గది వెనక ఒక వసారా ఉందనీ, దానికి దోమతెర తలుపొకటి ఉందనీ, చెక్క తలుపు తెరిచి అది ఒక్కటే వేసుకోవచ్చనీ అటువైపు మనిషి చెప్పాడు. ఆ తర్వాత కొంచెం ఆగి, తెరిచి ఉంచాలంటున్నారు, ఇంకెవరైనా వస్తారా మేడం అని అనుమానంగా అడిగాడు.

"గాలి వస్తుందప్పా. దానికి జాస్తి దుడ్డు అడగరు కదా?"

శ్రీరామ్ నవ్వాడు. ఎన్నాళ్ళ తర్వాతో గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు వింటుంటే, ఇక వాన పడి కొవ్వొత్తులు ఆరిపోయినా ఫరవాలేదనిపించింది రత్నకు.

ఇంతలో గాలి లేచింది. ఆ కాలంలో అదొక బాధ, దిబ్బల మీది పొడి తెల్లటి తెరలా లేచి ఊరి మీద పడుతుంది. రత్న కళ్ళ నిండా దుమ్ము. నువ్వు ఇంటికి పొయ్యి కళ్ళు కడుక్కో, దుకాణం మూసేలోపల నేను పోయి మడికేరికి ఖాయం చేసి వస్తానని శ్రీరామ్ ఆమెను ఇంటి ముందు దింపి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. అది చాలు ఆ పూటకు.

చిన్నన్న ఇంట్లో లేడు, పాలకు వెళ్ళాడు. వంటింట్లో గురువమ్మ ముద్దకు ఎసరు పెట్టి ఉంది. కోడలి ముఖం చూసి, ఏడ్చినావా అని అడగబోయి, దుమ్మని తెలుసుకుని చెంబుతో నీళ్ళు పోసింది. చెంగుతో తనే తుడిచింది. ఆ తడి చెంగు చల్లదనానికి రత్న మనసు పొంగింది. దాచుకోలేకపోయింది. మడికేరి, కాఫీ తోట, వసారా, దోమతెర తలుపు, ఇంకెవరైనా వస్తారా అని అడిగిన ఫోను మనిషి, అన్నీ చెప్పింది. శ్రీరామ్ భయం కూడా తనకిప్పుడు తెలుసునని చెప్పింది.

"గడియ లేకుండానే ఉంటాము అత్తా. తలుపు బిగుసుకున్న ఆ పొద్దు సంగతి చెప్పినారు. నాకు ముందే తెలిసుంటే ఆ పెట్టె జరిపేదాన్ని కాదు."

రాగి పిండి పోసి కట్టెతో గెలుకుతున్న గురువమ్మ చెయ్యి ఆగింది. ముద్ద గెలికేటప్పుడు చెయ్యి ఆగితే ఉండలు కడుతుంది. ఆ సంగతి కోడలికి మొదటి రోజే నేర్పింది ఆమే. ఇప్పుడు గిన్నెలో గుబగుబమని పిండి పొంగుతున్నా ఆమె చెయ్యి కదల్లేదు.

రత్న కట్టె అందుకోబోయింది. గురువమ్మ ఇవ్వలేదు. గిన్నె దించి, పొయ్యి ఆర్పింది.

"వాడు దినామూ భయపడతా ఉంటే చూస్తానే ఉండానమ్మా. పెండ్లయితే పోతాదేమో అనుకుంటిని. నువ్వూ వాని భయానికి లొంగి, యాడికో అడివికి పొయ్యి తలుపు తెరుచుకోని పండుకుంటామంటావి. ఇంగ నేను నోరు మూసుకోనుంటే పాపం."

"ఏమత్తా అది?"

"మీరు మడికేరికి పోండి. గడియ వేసుకోనే పండుకోండి. ఆ పొద్దు తలుపు బిగుసుకోలేదు."

రత్నకు అర్థం కాలేదు. బయట నుంచి పక్కింటివాళ్ళు వచ్చి తెరిచారు కదా అంది.

"తెరిచినారు. గొళ్ళెం తీసి తెరిచినారు. ద్వారబంధం వంగనూ లేదు, ఏమీ లేదు. పిల్లోనికి ఏం తెలుస్తాది? తలుపు రాలేదని తెలుసు, అంతే. బిగుసుకునిందని నేనే చెప్పినాను. చెప్పి చెప్పి అదే నిజమైపోయె."

గొళ్ళెం తనంతట తాను పడదు. ఎవరో బయట నిలబడి, లోపల తల్లీ బిడ్డా ఉన్నారని తెలిసే వేయాలి. సంగు మోగుతుండగా వేయాలి. రత్నకు లోపలి గది తలుపు మీద పచ్చరంగు పూసిన చిల్లులు కళ్ళ ముందు కదిలాయి.

"ఆ గడియలు పీకిందెవరు అత్తా?"

"వేసిన చెయ్యే పీకింది. మూడోనాడు కూర్చోని, ఇంట్లో ఉండే గడియలూ గొళ్ళేలూ అన్నీ మరలు ఊడదీసె. ఒక్క మాట మాట్లాడలా. నేనూ అడగలా. ఇన్నేండ్లూ అడగనేలేదు."

వంటింటి గడప దగ్గర పాల చెంబు నేల మీద పెట్టిన చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. చిన్నన్న చెప్పులు విడవకుండానే లోపలికి వచ్చి నిలబడి ఉన్నాడు. తెల్లటి దుమ్ము తల మీదా భుజాల మీదా పడి, పొద్దున చెట్టు బొమ్మ చూసి నవ్వించిన మనిషి ఒక్క పూటలో ఇంకా ముసలివాడైపోయినట్టున్నాడు.

"అడగలేదు నువ్వు, నిజమే," అన్నాడు గురువమ్మతో. "ఈ పొద్దు అడుగు. నేను వేసినానని చెప్పితివి కదా, ఎందుకు వేసినానో అదీ చెప్పేస్తా. ఆ తలుపు తీసింటే..."

వీధిలో బండి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు, ఆ వెంటనే ఉత్సాహంగా గడప దాటిన అడుగులు. చేతిలో మడికేరి రసీదు, ఇంకో చేతిలో మల్లెల పొట్లంతో శ్రీరామ్ తండ్రి వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏ తలుపు నాయనా?" అన్నాడు.